మూలనపడ్డ ప్రొపెల్లర్ ఎయిర్‌లైనర్‌ను మళ్ళీ ఎగరేయడం ఎలా?

ఏళ్ళ తరబడి ఎండకు ఎండి వానకు తడిసిన డీసీ-3నో, కాన్‌స్టెలేషన్‌నో, అంటే పాతకాలపు ప్రొపెల్లర్ ప్రయాణికుల విమానాన్ని చూసినప్పుడు, ఇంజిన్లు బాగుచేయించి రంగు కొట్టిస్తే చాలు, ఎగిరిపోతుందిలే అనిపిస్తుంది. రంగు ఆఖరి పని. ఇంజిన్లు కూడా మొదటి పని కాదు. విమానాన్ని మ్యూజియంలో నిలబెట్టడానికీ, మనుషులతో గాల్లోకి లేపడానికీ ఉన్న తేడా అంతా కంటికి కనబడని చోట్లే ఉంటుంది: ఫ్లోరు కింద, రెక్క బరువు మోసే దూలమైన స్పార్ లోపల, లాగ్‌బుక్ పేజీల మధ్య. అందుకే ఈ పనిలో నేను నమ్మే సూత్రం ఒక్కటే. తెరిచి చూడని భాగాన్ని బాగున్నట్టు లెక్కేయకూడదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఇవన్నీ లైసెన్సున్న మెయింటెనెన్స్ ఇంజనీరు పర్యవేక్షణలో, ఆ రకం విమానం మాన్యువల్ పక్కన పెట్టుకుని చేయాల్సిన పనులు. ఏ పని తర్వాత ఏ పని, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్నదే ఇక్కడ చెబుతున్నాను. కొలతలూ హద్దులూ మాత్రం మాన్యువల్‌లోనే చూసుకోండి.

1. ఏ విమానమో ముందు తేల్చుకోండి

మనసుకు నచ్చిన విమానం కన్నా విడిభాగాలు దొరికే విమానం మంచిది. డీసీ-3 మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబర్ 17న. మిలిటరీ సీ-47లు, సోవియట్, జపాన్ దేశాల్లో తయారైనవి అన్నీ కలిపితే ఆ కుటుంబంలో 16,000కు పైగా విమానాలు వచ్చాయి. దానికి వాడే ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1830 ఇంజిన్లయితే 1,70,000 దాటాయి. ఇక డీసీ-6లు 704. కాన్‌స్టెలేషన్లు అన్ని మోడళ్ళూ కలిపి 856, వాటిలో ఆఖరిదైన స్టార్‌లైనర్ కేవలం 44. ఈ అంకెలు చూస్తేనే ఏ విమానానికి స్పేర్లు దొరుకుతాయో, దేనికి ప్రతి చిన్న ముక్కనూ కొత్తగా చేయించుకోవాలో తెలిసిపోతుంది.

ఇంజిన్‌ను బట్టి కూడా ఆలోచించండి. ఆర్-1830, డీసీ-6కు వాడే ఆర్-2800 రెండూ ఓర్పున్న ఇంజిన్లు, వాటి మీద చెయ్యి తిరిగిన వర్క్‌షాపులు ఇంకా ఉన్నాయి. స్టార్‌లైనర్, డీసీ-7లలో ఉండే రైట్ ఆర్-3350 టర్బో కాంపౌండ్ సంగతి వేరు. పొగగొట్టంలోంచి పోయే వాయువుల బలాన్ని మూడు టర్బైన్లతో పట్టి మళ్ళీ క్రాంక్‌షాఫ్ట్‌కే కలుపుతుంది. దాంతో దాదాపు 450 హార్స్‌పవర్ అదనంగా వస్తుంది. అద్భుతమైన ఆలోచన. కానీ వేడి ఎక్కువ, విడిభాగాలు ఎక్కువ, వాటిని ఎరిగిన మనుషులు తక్కువ. మొదటిసారి ఈ పనికి దిగేవాళ్ళు దాని జోలికి పోవద్దని నా గట్టి సలహా.

డబ్బూ నైపుణ్యమూ రెండూ ఉన్నా ఇది ఎంత కష్టమో లుఫ్తాన్సా ఉదాహరణ చెబుతుంది. ఆ సంస్థ 2007లో అమెరికాలో మూడు స్టార్‌లైనర్లను వేలంలో కొంది. ఒకదాన్ని ఎగరేయడానికి ఏళ్ళ తరబడి పని చేయించింది. చివరికి 2018లో ఆ ప్రయత్నాన్ని ఆపేసి, విమానాన్ని విడదీసి జర్మనీకి తరలించింది. దీనికి భిన్నంగా, ఆస్ట్రేలియాకు చెందిన హార్స్ అనే సంస్థ వలంటీర్లు అరిజోనా ఎడారిలో పడి ఉన్న ఒక మిలిటరీ కాన్‌స్టెలేషన్‌ను ఓపిగ్గా బాగుచేసి, 1996లో పసిఫిక్ మీదుగా ఎగరేసుకుంటూ ఇంటికి తెచ్చుకున్నారు. ఏ విమానాన్ని ఎంచుకున్నారు, అది ఎలాంటి వాతావరణంలో పడి ఉంది అన్న రెండు విషయాలే సగం ఫలితాన్ని తేల్చేస్తాయి. పొడి ఎడారిలో ముప్ఫై ఏళ్ళు ఉన్న విమానం, సముద్రం గాలి తగిలే చోట ఐదేళ్ళు ఉన్నదాని కన్నా చాలాసార్లు మెరుగ్గా ఉంటుంది.

2. కాగితాలు చదవండి

కొనకముందే లాగ్‌బుక్‌లు మొదటి పేజీ నుంచి చదవండి. విమానం మొత్తం ఎన్ని గంటలు ఎగిరింది, పెద్ద రిపేర్లు ఎక్కడ జరిగాయి, ఏ ఇంజిన్ ఎప్పుడు ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) అయింది, ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్‌లు, అంటే అధికారులు తప్పనిసరి చేసిన తనిఖీలు, మార్పులు ఏవేవి పూర్తయ్యాయి అన్నవి రాసుకోండి. విమానం మీదున్న డేటా ప్లేటు నంబరు, కాగితాల్లోని నంబరు ఒకటేనా చూడండి. లాగ్‌బుక్ లేని ఇంజిన్‌ను, అది ఎంత మెరుస్తూ కనిపించినా, విడిభాగాల కుప్పగానే లెక్కేయండి.

తర్వాత మీ దేశపు విమానయాన అధికారులను కలవండి. దీన్ని వాయిదా వేయకండి. అమెరికాలో ఇలాంటి విమానం స్టాండర్డ్ సర్టిఫికెట్ మీద ఎగరొచ్చు, లేదా ప్రదర్శనల కోసం ఇచ్చే ఎక్స్‌పెరిమెంటల్ సర్టిఫికెట్ మీద ఎగరొచ్చు. బ్రిటన్‌లో పర్మిట్ టు ఫ్లై అనే పద్ధతి ఉంది. ఐరోపాలో చాలా చారిత్రక విమానాలను ఉమ్మడి నిబంధనల నుంచి తప్పించి ఆయా దేశాల అధికారులకే వదిలేశారు. ఏ దారి ఎంచుకుంటారన్న దాన్ని బట్టి, టికెట్ అమ్మి ప్రయాణికుల్ని ఎక్కించుకోవచ్చా లేదా, ఏ మార్పులకు అనుమతి ఉంది, ఎన్ని గంటలకోసారి తనిఖీ చేయాలి అన్నవన్నీ మారిపోతాయి. పని సగమయ్యాక ఈ సంగతులు తెలిస్తే చేసిన పని మళ్ళీ చేయాల్సి వస్తుంది.

డీసీ-3, డీసీ-6ల టైప్ సర్టిఫికెట్, అంటే ఆ డిజైన్‌కు దక్కిన అధికారిక ఆమోదం, వాటిని తయారుచేసిన డగ్లస్ నుంచి చేతులు మారి ఇప్పుడు బోయింగ్ దగ్గర ఉంది. కాన్‌స్టెలేషన్ లాక్‌హీడ్ వారసత్వం. అసలు డ్రాయింగులు, స్ట్రక్చరల్ రిపేర్ మాన్యువల్, పార్ట్స్ క్యాటలాగ్ మూడూ సంపాదించాకే పానా పట్టుకోండి.

3. చోటూ మనుషులూ

పైకప్పు ఉన్న హ్యాంగర్ దొరక్కుండా విమానాన్ని విప్పకండి. విప్పిన విమానానికి వాన కన్నా పెద్ద శత్రువు లేదు. రేకు పని తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు, రేడియల్ ఇంజిన్లు (సిలిండర్లు గుండ్రంగా చుట్టూ అమర్చినవి) ఎరిగిన పెద్దాయన ఒకరు, కాగితాలు చూసుకునే మనిషి ఒకరు ఉంటే మిగతావాళ్ళు పని నేర్చుకుంటూ చేరొచ్చు. ఆ పెద్దాయన ఉన్నప్పుడే ఆయన చేతి పనిని వీడియో తీసి పెట్టుకోండి. మాన్యువల్‌లో లేని విషయాలు చాలానే ఆ చేతుల్లో ఉంటాయి.

4. విప్పడం

విప్పే ముందు ఫొటో, విప్పాక ట్యాగు, ఆ తర్వాత రిజిస్టర్‌లో నమోదు. ఒక్క బోల్టుకైనా ఈ వరస తప్పకూడదు. తిరిగి వాడేవి, రిపేరుకు వెళ్ళేవి, పారేసేవి వేర్వేరు అరల్లో పెట్టండి. పారేసేవాటి మీద ఎర్ర రంగు పూయండి, లేకపోతే ఎవరో ఒకరు తొందర్లో వాటినే మళ్ళీ బిగిస్తారు.

ఆరోగ్యం విషయంలో అజాగ్రత్త వద్దు. పాత మీటర్ల ముళ్ళూ అంకెలూ చీకట్లో మెరవడానికి రేడియం కలిసిన రంగు వాడేవారు. ఆ మీటర్లను మీరే విప్పకండి, అనుమతి ఉన్న షాపుకు పంపండి. ఆకుపచ్చ పసుపు కలిసిన పాత ప్రైమర్‌లో క్రోమేట్ ఉంటుంది, దాన్ని గీకి దుమ్ము లేపితే ఊపిరితిత్తులకు ప్రమాదం. వేడి తగిలే చోట్ల చుట్టిన పాత గుడ్డలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఎలుకలూ పక్షులూ కాపురం పెట్టిన చోట మాస్కు లేకుండా తల పెట్టవద్దు. వాటి మూత్రమూ రెట్టలూ మనిషికే కాదు, లోహానికీ చేటు చేస్తాయి.

5. రేకూ స్పార్లూ: అసలు పని

డబ్బూ కాలమూ ఎక్కువగా తినేది ఈ మెట్టే. ముందు క్యాబిన్ ఫ్లోరు పూర్తిగా ఎత్తండి. టాయిలెట్ కింద, గ్యాలీ (వంటగది) కింద, తలుపుల గడపల కింద, బ్యాటరీ పెట్టే చోట వెతకండి. అల్యూమినియానికి పట్టే తుప్పు ఎర్రగా ఉండదు. మొదట తెల్లటి లేదా బూడిద రంగు పొడిలా కనిపిస్తుంది, కొన్నిచోట్ల రంగు కింద బుడగలా లేస్తుంది. స్క్రూడ్రైవర్ మొనతో ఆ బుడగను మెల్లగా నొక్కి చూడండి. రంగు పెచ్చు ఊడి, లోపల లోహం తడిసిన పుస్తకంలా పొరలు పొరలుగా విచ్చుకుని కనిపిస్తే ఆ భాగం పనికిరాదు. పైపైన గీకి ప్రైమర్ పూసే ఆలోచన చేయకండి. పైపొర తుప్పయితే శుభ్రం చేసి, మిగిలిన మందం కొలిచి, మాన్యువల్ ఇచ్చిన హద్దులోపల ఉంటేనే ఉంచండి.

రివెట్లను వరసగా పరిశీలించండి. రివెట్ తల చుట్టూ గాలి వెళ్ళే దిశలో నల్లటి మరక సాగి ఉంటే, అది లోపల కదులుతోందని అర్థం. ఒక వరసలో అలాంటివి చాలా ఉంటే లోపలి ఫ్రేము వంగిందేమో, పగిలిందేమో చూడాలి. కొత్త రివెట్లు వేసేటప్పుడు మిశ్రమం మార్చకండి. బలమైన జాయింట్ల కోసం వాడే 2024 అల్యూమినియం రివెట్లను హీట్ ట్రీట్‌మెంట్ చేసి ఫ్రీజర్‌లో ఉంచుతారు. బయటికి తీసిన కొద్ది నిమిషాల్లోనే కొట్టేయాలి. ఆలస్యమైతే గట్టిపడిపోయి కొట్టేటప్పుడు పగుళ్ళు పడతాయి. అందుకే ఒకసారికి గుప్పెడు మాత్రమే తీయండి.

డీసీ-3 విషయంలో మధ్య రెక్కకు బయటి రెక్కలు కలిసే జాయింటును ప్రత్యేకంగా చూడాలి. అక్కడ చుట్టూ వరసగా బోల్టులతో బిగించిన అంచు పట్టీలు ఉంటాయి. పైన మూత ఉంటుంది కాబట్టి బయటికి అంతా చక్కగానే కనిపిస్తుంది. మూత తీసి, రెక్క విప్పి, ఆ పట్టీలను శుభ్రం చేసి, కంటికి కనబడని పగుళ్ళ కోసం ఎడ్డీ కరెంట్, ఎక్స్-రే, డై పెనెట్రంట్ లాంటి పరీక్షల్లో మాన్యువల్ అడిగినవన్నీ చేయించండి. కొత్త బోల్టులే వాడండి.

దీని విలువ తెలియాలంటే 2018 ఆగస్టు 4న స్విట్జర్లాండ్ కొండల్లో కూలిన జూ-ఎయిర్ సంస్థ యుంకర్స్ 52 గురించి తెలుసుకోవాలి. అందులో ఉన్న 20 మందీ చనిపోయారు. ప్రమాదానికి కారణం కొండల మధ్య చాలా తక్కువ ఎత్తులో ప్రమాదకరంగా నడపడమేనని దర్యాప్తులో తేలింది. కానీ శిథిలాలను పరిశీలిస్తే తుప్పూ పగుళ్ళూ కూడా బయటపడ్డాయి. కూలడానికి అవి కారణం కాదు. అయినా, క్రమం తప్పకుండా ఎగురుతూ, అందరూ మెచ్చుకునే విమానంలో కూడా అవి ఎవరి కంటా పడకుండా ఉండిపోయాయన్న విషయం ఈ పని చేసే ప్రతి ఒక్కరినీ కలవరపెట్టాలి.

డీసీ-3ని అటూ ఇటూ, పైకీ కిందికీ తిప్పే కదిలే భాగాలైన రడ్డర్, ఎలివేటర్లు, ఐలరాన్ల మీద రేకు ఉండదు, గుడ్డ ఉంటుంది. పూర్వం నూలు గుడ్డ వాడేవారు, ఇప్పుడు పాలియెస్టర్ వాడి, వేడి కొలిచిన ఇస్త్రీపెట్టెతో బిగుతుగా ముడుచుకునేలా చేస్తారు. గుడ్డ, రంగు పూర్తయ్యాక ప్రతి భాగాన్నీ మళ్ళీ బ్యాలెన్స్ చేయాలి. వెనక అంచు బరువెక్కితే వేగంలో కొట్టుకోవడం మొదలై తోకనే ఊడగొట్టగలదు.

6. పైపులు, కేబుళ్ళు, వైర్లు

రబ్బరు హోసులన్నీ మార్చండి. చూడ్డానికి బాగున్నవి కూడా. హైడ్రాలిక్ సీళ్ళు మార్చేటప్పుడు ఆయిల్ ఏ రకమో ముందు తేల్చుకోండి. పాత ఆముదం ఆధారిత ద్రవం నీలంగా ఉంటుంది, దానికి సహజ రబ్బరు సీళ్ళు సరిపోతాయి. ఎర్రగా ఉండే మినరల్ ఆయిల్‌కు సింథటిక్ రబ్బరు కావాలి. ఊదా రంగు ఫాస్ఫేట్ ఎస్టర్‌కు ఇంకో రకం. ఒకదాని సీళ్ళు ఇంకోదానిలో పెడితే ఉబ్బిపోయి, సరిగ్గా చక్రాలు దిగాల్సిన వేళకు మొండికేస్తాయి.

కంట్రోల్ కేబుళ్ళ మీద పొడవునా మెత్తటి గుడ్డ లాగండి. తెగిన పోగు ఉంటే గుడ్డ చిక్కుకుంటుంది. పుల్లీల మీదుగా వెళ్ళే చోట కేబుల్‌ను కాస్త వంచి మరీ చూడండి. పాత వైరింగ్ మొత్తం తీసేయడమే మేలు. గుడ్డ తొడుగు వైర్లను ముక్కలుగా అతికించడం నిప్పుతో చెలగాటం. కాక్‌పిట్‌లో పాత రూపం ఉంచుకుని, కొత్త రేడియో, ట్రాన్స్‌పాండర్, జీపీఎస్ పెట్టుకోవచ్చు.

ఇంధన ట్యాంకులు లోపల శుభ్రం చేసి, లీకు పరీక్ష చేయండి. గేజ్‌ల సంగతి తర్వాత చెబుతాను, అది చాలా ముఖ్యం.

7. ఇంజిన్లూ ప్రొపెల్లర్లూ

ఏళ్ళుగా ఆగిపోయిన ఇంజిన్‌ను ఉన్నపళంగా స్టార్ట్ చేసి, తిరిగింది కదా అని సంబరపడేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. లోపల తుప్పు పట్టిన క్యామ్, సిలిండర్ గోడలు ఆ ఒక్క స్టార్ట్‌తోనే గీసుకుపోతాయి. మూలనపెట్టిన రోజున సరైన పద్ధతిలో నిల్వ చేశారా చూడండి. అలా చేసిన ఇంజిన్లకు స్పార్క్ ప్లగ్గుల స్థానంలో తేమ పీల్చే సిలికా జెల్ ప్లగ్గులు ఉంటాయి. జెల్ నీలంగా ఉంటే లోపల పొడిగా ఉన్నట్టు, గులాబీ రంగుకు మారితే తేమ చేరినట్టు. గులాబీ అయితే, లేదా చరిత్ర తెలియకపోతే, పూర్తి ఓవర్‌హాల్ తప్పదు. మాగ్నెటోలు (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పుట్టించేవి), కార్బురేటర్, ఇగ్నిషన్ హార్నెస్ కూడా వాటి షాపులకు పంపాలి.

ప్రొపెల్లర్లను తనిఖీ షాపుకు పంపండి. రెక్క మొదట్లో అంటించిన మంచు కరిగించే రబ్బరు పట్టీ కింద నీరు చేరి తుప్పు పడుతుంది. పట్టీ ఊడదీయకుండా అది కనిపించదు.

ఇంధనం గురించి. డీసీ-6, కాన్‌స్టెలేషన్ల పెద్ద ఇంజిన్లు వాటి రోజుల్లో 115/145 గ్రేడ్ పెట్రోల్ తాగేవి. అది ఇప్పుడు మామూలుగా దొరకదు. ఇప్పటి విమాన పెట్రోల్ అయిన 100ఎల్ఎల్ తో నడపాలంటే మానిఫోల్డ్ ప్రెషర్, అంటే సిలిండర్లలోకి వెళ్ళే గాలి ఒత్తిడి, హద్దు తగ్గించుకోవాలి. హద్దు తగ్గితే టేకాఫ్ బలం తగ్గుతుంది, దాంతో బరువూ రన్‌వే పొడవూ మళ్ళీ లెక్క వేసుకోవాలి.

8. మొదటి స్టార్ట్

రేడియల్ ఇంజిన్‌లో సిలిండర్లు చుట్టూ ఉంటాయి. ఆగి ఉన్నప్పుడు ఆయిల్ మెల్లగా కిందికి జారి, అడుగున ఉన్న సిలిండర్లలో చేరుతుంది. ద్రవం నలగదు. అలా నిండిన సిలిండర్ మీదికి పిస్టన్‌ను బలంగా నెడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వంగిన రాడ్ అప్పుడే విరగదు, చాలాసార్లు కొన్ని గంటల తర్వాత గాల్లో విరుగుతుంది. అందుకని ప్రతి స్టార్ట్‌కు ముందు ఇలా చేయండి.

ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉందని ఇద్దరు చూసి నిర్ధారించుకోండి. ప్రొపెల్లర్‌ను అది తిరిగే దిశలోనే చేత్తో మెల్లగా తిప్పండి. రెక్కకు ఒక్క మనిషి చాలు. నలుగురు కలిసి తోస్తే ఆ బలమే రాడ్‌ను వంచేస్తుంది. అన్ని సిలిండర్లూ ఒకసారి కంప్రెషన్ దాటేవరకూ, అంటే క్రాంక్‌షాఫ్ట్ కనీసం రెండు చుట్లు తిరిగేవరకూ తిప్పాలి. మధ్యలో గోడకు తగిలినట్టు ఆగితే, అక్కడితో ఆపేయండి. వెనక్కి మాత్రం తిప్పవద్దు. వెనక్కి తిప్పితే ఆ ఆయిల్ ఇన్‌టేక్ పైపులోకి పోతుంది, స్టార్ట్ కాగానే మళ్ళీ లోపలికే పీల్చుకుంటుంది. అడుగు సిలిండర్ల స్పార్క్ ప్లగ్గులు విప్పి, కింద పళ్ళెం పెట్టి, చుక్కలు ఆగేదాకా కారనివ్వండి. ఆ పది నిమిషాల ఓపిక మొత్తం ఇంజిన్‌ను కాపాడుతుంది.

కొత్తగా ఓవర్‌హాల్ అయిన ఇంజిన్‌కు స్టార్ట్ చేసే ముందే బయటి పంపుతో ఆయిల్ ఎక్కించి, అది రాకర్ బాక్సుల దాకా చేరిందని చూసుకోవాలి. స్టార్ట్ అయ్యాక ఆయిల్ ప్రెషర్ వెంటనే లేవకపోతే ఆపేయండి. లేస్తే, ఆయిల్ వేడెక్కేదాకా తక్కువ వేగంలోనే ఉంచండి. అగ్నిమాపక సిలిండరుతో ఒక మనిషి ఎప్పుడూ ముందు నిలబడి ఉండాలి.

ఆ తర్వాత ఆయిల్ స్క్రీను విప్పి చూడండి. సన్నటి మెరుపు పొడి కొంచెం ఉండటం కొత్త ఇంజిన్‌కు సహజం. అయస్కాంతానికి అంటుకునే ఇనుప పలుకులు వస్తే ఇంజిన్ మళ్ళీ విప్పాలి. ఎంత బాధ కలిగినా.

9. నేల మీద పరీక్షలు

విమానాన్ని జాకీల మీద ఎత్తి చక్రాలు పదేపదే లోపలికీ బయటికీ ఆడించండి. అత్యవసరంగా చేతి పంపుతో దించే పద్ధతినీ పరీక్షించండి. తూకం వేసి, సెంటర్ ఆఫ్ గ్రావిటీ కొత్తగా లెక్కించండి. పాత కాగితంలోని బరువు ఇప్పుడు పనికిరాదు.

ఇక ఇంధన గేజ్‌లు. ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క బోయింగ్ 307 స్ట్రాటోలైనర్‌ను ఎంతో శ్రమతో పునరుద్ధరించారు. 2002 మార్చి 28న సియాటిల్ దగ్గర అది ఎలియట్ బేలో నీళ్ళ మీద దిగాల్సి వచ్చింది. ఇంధనం అయిపోయింది. బయలుదేరే ముందు ట్యాంకుల్లో ఎంత ఉందో సరిగ్గా కొలవలేదని దర్యాప్తు తేల్చింది. అందరూ బతికారు. విమానాన్ని మళ్ళీ బాగుచేసి 2003లో స్మిత్‌సోనియన్ మ్యూజియానికి ఎగరేసుకెళ్ళారు. ఇంత పెద్ద పని చేసినవాళ్ళకే అలా జరిగింది కాబట్టి, మీరు ఖాళీ ట్యాంకులో కొలిచిన ఇంధనం కొద్దికొద్దిగా పోస్తూ, ప్రతిసారీ గేజ్ ఎంత చూపిస్తోందో, కొలపుల్ల మీద ఎక్కడిదాకా తడిసిందో రాసుకోండి. ఎగిరే ప్రతిసారీ పుల్లతో కొలిచిన అంకెనే నమ్మండి.

10. మొదటి ఎగురుడు, ఆ తర్వాత

పైలట్లు ఆ రకం విమానాన్ని ఇటీవలి కాలంలో నడిపినవాళ్ళై ఉండాలి. ఎంత పేరున్నవాళ్ళయినా దీనికి మినహాయింపు ఇవ్వకండి. ఏళ్ళ తరబడి కష్టపడ్డ వలంటీర్లకు ఆ రోజు లోపల కూర్చోవాలని ఉంటుంది. కుదరదని సున్నితంగానే, కానీ ఖచ్చితంగా చెప్పాలి. అవసరమైన సిబ్బంది మాత్రమే ఎక్కాలి. ముందు మెల్లగా, తర్వాత వేగంగా ట్యాక్సీ చేసి బ్రేకులు, తోక చక్రం, ఇంజిన్ ఉష్ణోగ్రతలు చూసుకోండి. గాలి తక్కువగా, ఆకాశం తేటగా ఉన్న రోజు ఎంచుకోండి. చక్రాలు దించే ఉంచి, ఎయిర్‌ఫీల్డ్ పైనే చుట్లు కొట్టి దిగడం మంచిది. ఇంజిన్ ఆగితే ఏ ఎత్తులో ఏం చేయాలో ముందే మాట్లాడుకుని ఉండాలి.

పైలట్లకు ఇంజిన్ల గురించి ఒకటి గుర్తుచేయండి. దిగేటప్పుడు థ్రాటిల్‌ను ఒక్కసారిగా మూసేస్తే సిలిండర్లు హఠాత్తుగా చల్లబడి పగుళ్ళిస్తాయి. అంతేకాదు, వేగం ఎక్కువగా ఉండి మానిఫోల్డ్ ప్రెషర్ బాగా తగ్గితే ప్రొపెల్లరే ఇంజిన్‌ను తిప్పడం మొదలెడుతుంది. మాస్టర్ రాడ్ బేరింగ్ మీద భారం తిరగబడి అది త్వరగా అరిగిపోతుంది. మెల్లగా, ముందునుంచే ప్లాన్ చేసుకుని దిగాలి.

దిగగానే కౌలింగులు (ఇంజిన్ల మీది మూతలు) విప్పి లీకులు చూడండి, ఆయిల్ స్క్రీన్లు విప్పండి, రెక్క జాయింటు బోల్టుల టార్క్ మాన్యువల్ ప్రకారం సరిచూడండి. మొదటి కొన్ని ఎగురుళ్ళ తర్వాత ప్రతిసారీ ఇదే చేయాలి. ఆయిల్ వాడకం గంటకు ఎంతో ఒక్కో ఇంజిన్‌కు విడిగా రాసి పెట్టుకోండి. పెరుగుతూ పోతే అదే మీకు అందే మొదటి హెచ్చరిక.

సీజన్ అయిపోయాక విమానాన్ని ఊరికే నిలబెట్టకండి. నేల మీద అప్పుడప్పుడు కాసేపు స్టార్ట్ చేసి ఆపడం మరీ చెడ్డది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, లోపల చేరిన తేమ అక్కడే ఉండిపోతుంది. వాతావరణం బాగున్నప్పుడు తగినంత సేపు ఎగరేయండి. నెలల తరబడి కుదరదనుకుంటే ప్రిజర్వేటివ్ ఆయిల్ ఎక్కించి, సిలికా జెల్ ప్లగ్గులు బిగించి, పొగగొట్టాలూ గాలి దారులూ మూసేయండి. ఆ తేదీని లాగ్‌బుక్‌లో రాయించండి.